రిపోర్టులో నేను రాయని ‘ఆమె’

రెండు వేల ఇరవై నాలుగు. బుడమేరు వాగు సింగ్‌నగర్‌ను ముంచి పోయిన ఏడాది అంటే బెజవాడ వాళ్లకి ఇంకా త్వరగా గుర్తొస్తుంది. అప్పుడు నేను గవర్నర్‌పేటలో ఒక యువజన సంస్థ జిల్లా ఆఫీసులో ఆర్గనైజర్‌గా పనిచేస్తున్నాను. కింద కప్పులు, షీల్డులు అమ్మే షాపు, పక్కన లాడ్జి, పైన మా రెండు గదులు. మెట్లు ఎంత ఇరుకంటే, దిగేవాళ్లు పూర్తిగా దిగాకే ఎక్కేవాళ్లు ఎక్కాలి.

నా అసలు ఉద్యోగం అది కాదు. నేను తెలుగు పండిట్‌ని. ఇరవై ఆరేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సంధులూ సమాసాలూ చెప్పి, డిప్యుటేషన్ మీద ఆ ఆఫీసుకి వచ్చాను. డిప్యుటేషన్ అంటే మనిషి ఒక శాఖది, పని ఇంకో శాఖది. పిల్లల మీద అరిచే బాధ తప్పిందని మొదట్లో సంబరపడ్డాను. ఫైళ్ల మీద అరిస్తే అవి వినవని తర్వాత తెలిసింది.

ఆ సంస్థ దేశమంతా ఉంది. పేరు రాయను, మనుషుల పేర్లు కూడా మార్చాను. బడి పిల్లలను యూనిట్లుగా చేసి, ఆదివారాలు ముడులు వేయడం, దెబ్బ తగిలితే కట్టు కట్టడం, గుడారం వేసుకోవడం, పదిమందికి వండి పెట్టడం నేర్పిస్తారు. నేర్పేవాళ్లని లీడర్లంటాం. వాళ్లకి జీతం ఉండదు. ఊళ్లో ఏదో ఒక పని చేసుకుంటూ ఆదివారాన్ని పిల్లలకి ఇచ్చేసే వాలంటీర్లు వాళ్లు. వాళ్లకి మేమిచ్చేది ఒక్కటే, లీడర్ కార్డు. మూడేళ్లకోసారి దాన్ని రెన్యువల్ చేయాలి. కార్డు లేనివాళ్లు యూనిఫాం వేసుకోకూడదు, పిల్లలను క్యాంపుకి తీసుకెళ్లకూడదు.

ఇక్కడ ఒక మాట ముందే చెప్పాలి. ఇప్పుడు నేను చెప్పబోయేది మైలవరం లీడర్ సత్య గురించి. నేను ఆమెతో మాట్లాడినప్పుడల్లా ‘మీరు’ అనే అన్నాను, ‘గారు’ అనే పిలిచాను. కానీ ఈ వ్యాసంలో మాత్రం ‘సత్య వచ్చింది’, ‘సత్య అంది’ అనే రాస్తాను. గౌరవం తక్కువై కాదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

సత్యది మోటార్ వైండింగ్ షాపు. బోరుబావి మోటార్లు కాలిపోతే లోపలి రాగితీగ తీసేసి కొత్తది చుట్టే పని. మైలవరం చుట్టుపక్కల మామిడి తోటలన్నీ బోర్ల మీద బతికేవే కాబట్టి వేసవిలో ఆమెకి ఊపిరాడదు. అయినా పన్నెండేళ్లలో ఒక్క ఆదివారం యూనిట్ మానలేదని రిజిస్టరు చెబుతుంది. మొదట్లో ఆ రిజిస్టరులో ఉన్న పేరు ‘శ్రీ పి. సత్యనారాయణ’. నాలుగేళ్ల క్రితం ఆమె తాను స్త్రీనని ఇంట్లోనూ ఊళ్లోనూ చెప్పింది. ఆస్పత్రుల చుట్టూ, కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి, ట్రాన్స్‌జెండర్ వ్యక్తిగా, స్త్రీగా గుర్తిస్తూ ధ్రువపత్రం తెచ్చుకుంది. ఊరు కొన్నాళ్లు గుసగుసలాడి, తర్వాత తన పనుల్లో తాను పడింది. మోటారు కాలితే వెళ్లాల్సింది ఆమె దగ్గరికే కదా.

యూనిట్‌లో మగపిల్లలూ ఆడపిల్లలూ ఉంటే ఒక పురుష లీడర్, ఒక మహిళా లీడర్ ఉండాలి. మైలవరంలో మహిళా లీడర్‌గా ఉన్న టీచరమ్మకి బదిలీ అయింది. ఆ ఏడాది రెన్యువల్‌కి సత్య తనను మహిళా లీడర్‌గా నమోదు చేయమని కలెక్టరాఫీసు ధ్రువపత్రం జతచేసి దరఖాస్తు పెట్టింది. మగపిల్లల బాధ్యత శేషగిరిరావు గారిది. ఆయన పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి.

సరిగ్గా అప్పుడే ఢిల్లీ నుంచి సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట లీడర్లందరూ జన్మ ధ్రువపత్రం పెట్టాలి, అందులో ఏ లింగం ఉంటే ఆ లింగం పిల్లలకే లీడర్‌గా పనిచేయాలి, ‘ఈ రెంటిలోనూ స్పష్టంగా చేరనివారిని’ పిల్లలతో సంబంధం లేని పనులకు, యూనిఫాం లేకుండా మాత్రమే వాడుకోవచ్చు. పిల్లల రక్షణ కోసం అని పైన ఒక వాక్యం. ‘వాడుకోవచ్చు’ అన్న మాట దగ్గర నాకు ఒళ్లు మండింది. కానీ సర్క్యులర్ కింద సంతకం చేసి ఫైల్లో పెట్టాను. అదే నా ఉద్యోగం అనుకున్నాను.

వారం తిరక్కుండా రాష్ట్ర ఆఫీసుకి ఒక ఆకాశరామన్న ఉత్తరం చేరింది. మైలవరంలో మగవాడు చీర కట్టుకుని ఆడపిల్లలకు లీడర్‌గా ఉన్నాడని. ఎంక్వైరీ చేసి రిపోర్టు పంపమని రాష్ట్ర కార్యదర్శి గారు ఆ పని నాకు అప్పగించారు.

ఎంక్వైరీ రిపోర్టు అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. వెళ్లాలి, చూడాలి, నలుగురిని అడగాలి, విన్నది విన్నట్టు రాయాలి. చివర మన అభిప్రాయం నాలుగు వాక్యాల్లో పెట్టాలి. దాన్ని చదివే ఆఫీసరు ఆ ఊరు ఎప్పటికీ రారు. అక్కడి మనిషి వాళ్లకి కనిపించేది మన కాగితంలోంచే.

కొండపల్లి మీదుగా మైలవరం బస్సెక్కి వెళ్లాను. సత్య ఇల్లు షాపుని ఆనుకునే ఉంటుంది. అరుగు మీద ఒకావిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూర్చుంది. సత్య వాళ్లమ్మ.

“సత్య గారున్నారా అమ్మా?” అన్నాను.

ఆవిడ చేతిలో కాయ ఆగింది. నన్ను ఎగాదిగా చూసింది.

“షాపు తెరిచే ఉందండీ,” అని మళ్లీ చేటలోకి తల వంచుకుంది.

షాపులో వార్నిష్ వాసన. సత్య కాటన్ చుడీదార్‌లో, చున్నీ నడుముకి బిగించి కట్టుకుని, విప్పిన మోటారు ముందు కూర్చుంది. నన్ను చూసి లేచి, చేతులు గుడ్డకి తుడుచుకుని, ఉన్న ఒక్క కుర్చీ నా వైపు జరిపింది. గోళ్ల మీద మెరుస్తున్నది రంగనుకున్నాను. వార్నిష్.

“ఎంక్వైరీకి వచ్చారు కదా మేడమ్. అడగండి.”

“మీ జన్మ ధ్రువపత్రం అడుగుతున్నారండీ.”

“అందులో మగ అనే ఉంటుంది. దాచేదేముంది మేడమ్? ఇది అది, ఇది ఇప్పటిది.” రెండు జిరాక్సులు నా చేతిలో పెట్టింది. “ఒకటి నేను పుట్టినప్పుడు మంత్రసాని చూసి చెప్పింది. రెండోది నేను చెప్పింది. రెండూ పంపండి.”

నేను తల ఊపాను. ఈసారి ఆమే అడిగింది.

“మీరేం రాస్తారు మేడమ్?”

“ఉన్నదే రాస్తానండీ.”

“అంతే మేడమ్. ఎక్కువేం అడగను. ఉన్నది రాయండి చాలు.”

శేషగిరిరావు గారు తన ఇంట్లో కాఫీ ఇచ్చి మరీ చెప్పారు. “నేను అబద్ధం చెప్పనమ్మా. మొదట్లో నాకు మింగుడు పడలేదు. ఆర్నెల్లు ముఖం చాటేశాను. ఓ ఎండాకాలం మా తోటలో మోటారు కాలిపోయింది. ఎవరూ దొరకలేదు. తనే విని, సామాన్లేసుకుని వచ్చింది. ఎండలో కూర్చుని బాగుచేసి, మంచినీళ్లు కూడా అడక్కుండా వెళ్లింది. నాకు సిగ్గేసిందమ్మా. ఆ సర్క్యులర్ రాసినాయన్ని కూడా ఒక్క ఆదివారం ఇక్కడ గ్రౌండులో నిలబడమనండి. అప్పుడు మాట్లాడదాం.”

బస్టాండు దగ్గర టిఫిన్ బండి నడిపే నాగమణి కూతురు ఆ యూనిట్‌లోనే ఉంది. నాగమణి అట్ల పెనం మీంచి చూపు తిప్పకుండానే నాకు జవాబిచ్చింది.

“మా పిల్ల కొండపల్లి ఖిల్లా మీద కాలు మడతపడి కూలబడిపోయిందండీ. సత్య వీపు మీదేసుకుని కిందికి దింపింది. నాకు ఫోన్ చేసింది. నేనెళ్లేదాకా దాని కాలు ఒళ్లో పెట్టుకునే కూచుంది. ఆడపిల్లని కన్నదాన్ని, నాకు లేని భయం ఢిల్లీలో ఉన్నాళ్లకి దేనికండీ?”

దింపింది, చేసింది, కూచుంది. ఆవిడ ఏ తడబాటూ లేకుండా అన్న ఆ మూడు మాటలనీ నేను నోట్‌బుక్‌లో ఉన్నవున్నట్టు రాసుకున్నాను. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ నా దగ్గరుంది.

ఇంటికొచ్చి రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. ‘ఆమె’ అని రాస్తే సర్క్యులర్‌ని ధిక్కరించినట్టు. పై వాళ్లు రిపోర్టు మొత్తాన్నీ పక్కన పడేస్తారు. ‘అతడు’ అని రాయడానికి నా చెయ్యి రాదు. అప్పుడు నాలోని పండిట్‌కి ఒక ఉపాయం తట్టింది.

తెలుగులో మూడో మనిషి గురించి ఏకవచనంలో చెప్పాలంటే తప్పించుకోలేం. మగవాడైతే ‘వచ్చాడు’. ఆడదైతే ‘వచ్చింది’. ఆవొచ్చినా, బస్సొచ్చినా కూడా ‘వచ్చింది’ అనే అంటాం. ఆడవాళ్లని తీసుకెళ్లి ఆవులతో బస్సులతో కలిపి కూర్చోబెట్టిన ఆ ‘ంది’ మీద నాకు ముప్పై ఏళ్లుగా కోపం. తొమ్మిదో తరగతి పిల్లలకి ఆ పాఠం చెప్పిన ప్రతిసారీ వ్యాకరణం రాసిన పెద్దల మీద ఒక విసురు విసిరేదాన్ని. కానీ ‘గారు’ తగిలించి ‘వచ్చారు’ అన్నామా, ఇక ఆడా మగా అన్న ప్రశ్నే లేదు. మర్యాద ముసుగులో మనిషి మొత్తం వెళ్లిపోవచ్చు.

అలాగే రాశాను. ‘సత్యగారు పన్నెండేళ్లుగా సేవలందిస్తున్నారు. వారి పట్ల తల్లిదండ్రులకు సంపూర్ణ విశ్వాసం కలదు.’ నాగమణి చెప్పిన ‘దింపింది’ని ‘దింపారు’గా మార్చాను. శేషగిరిరావు గారి ‘వచ్చింది’ కూడా ‘వచ్చారు’ అయింది. లింగం అన్న గడిలో ‘జతపరచిన పత్రములు చూడుడు’ అన్నాను. కార్డు రెన్యువల్ చేయవచ్చునని చివర సిఫారసు రాశాను. రెండు పేజీల్లో ఎక్కడా ఆడా మగా అన్న ఆనవాలు ఒక్కటీ దొరకదు. మూడుసార్లు చదువుకుని మురిసిపోయాను. ఇంత చక్కటి వచనం ఈ ఆఫీసులో ఎవరు రాయగలరు అని కూడా అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

రిపోర్టు రాష్ట్ర ఆఫీసుకి వెళ్లింది. అక్కడి నుంచి ఢిల్లీకి ఇంగ్లీషులో వెళ్లాలి. రాష్ట్ర ఆఫీసు స్టెనో గారు దాన్ని ఇంగ్లీషు చేశారు.

ఆయన్ని నేను తప్పు పట్టను. ఇంగ్లీషులో ‘గారు’ లేదు. వాక్యం నడవాలంటే ‘హీ’ అయినా పెట్టాలి, ‘షీ’ అయినా పెట్టాలి. నేనేమో ఆ చోటు ఖాళీగా వదిలాను. పాత ఫైలు తీస్తే ‘శ్రీ పి. సత్యనారాయణ’ అని ఉంది. ఆయన ఖాళీలన్నీ ‘హీ’తో నింపారు. నేను జతచేసిన పత్రాలు ఢిల్లీ దాకా వెళ్లాయో, ఆ ఫైల్లోనే ఉండిపోయాయో నాకు ఇప్పటికీ తెలియదు.

సంక్రాంతి సెలవులయ్యాక ఢిల్లీ జవాబు వచ్చింది. మీ విచారణాధికారి రిపోర్టు ప్రకారమే ఇతను పురుషుడు. పురుషుడై ఉండి మహిళా లీడర్‌గా నమోదు కోరడం, మహిళల యూనిఫాం ధరించడం తప్పుడు ప్రాతినిధ్యం. కార్డు రద్దు చేయడమైనది. ఒక కాపీ నాకు, ఒక కాపీ సత్యకి.

తప్పుడు ప్రాతినిధ్యం అంటే అబద్ధపు మనిషి అని. పన్నెండేళ్ల ఆదివారాలకి వాళ్లిచ్చిన పేరు అది. దానికి సాక్షిగా పెట్టింది నా సంతకాన్ని.

రెండో రోజు మధ్యాహ్నం సత్య మా ఆఫీసుకి వచ్చింది. తెల్ల చీర, ఆకుపచ్చ అంచు. మహిళా లీడర్ల యూనిఫాం. రద్దయ్యాక అది కట్టుకోకూడదని నేను చెప్పలేదు, ఆమే తెలిసి కట్టుకొచ్చింది. ఎదురుగా కూర్చుని ఉత్తరం బల్ల మీద పరిచింది. గొంతు పెంచలేదు.

“మేడమ్, ఇందులో మీ రిపోర్టు ప్రకారం అని ఉంది. మీరు నన్ను మగ అని రాశారా?”

“లేదండీ. ప్రమాణం చేసి చెబుతున్నాను. నేను అలా రాయలేదు.” ఫైలు తెరిచి నా తెలుగు రిపోర్టు ఆమె ముందు పెట్టాను.

చదివింది. వేలు పెట్టి ఒక్కో వాక్యం చదివింది. రెండో పేజీ అయ్యాక మళ్లీ మొదటి పేజీకి వెళ్లింది.

“ఆడ అని కూడా రాయలేదు కదా మేడమ్.”

“మిమ్మల్ని కాపాడదామనే అలా...”

“నాగమణి దింపారు అందా మేడమ్? అది అలా మాట్లాడదే.”

నోట్‌బుక్ అప్పుడు కూడా నా బల్ల సొరుగులోనే ఉంది.

సత్య రిపోర్టు మూసి, రెండు చేతులూ దాని మీద పెట్టుకుంది.

“మా అమ్మ నన్ను ఇంట్లోంచి పొమ్మనలేదు మేడమ్. అందరికీ అంత అదృష్టం ఉండదు. అన్నం పెడుతుంది. తిన్నావా అంటుంది. వార్నిష్ చేతులతో కళ్లు నలుపుకోకు అంటుంది. నాతో మాట్లాడేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. నా గురించి ఇంకొకరితో చెప్పాల్సొస్తేనే మాట మార్చేస్తుంది. ఉన్నాడు అనదు. ఉంది అనదు. ఇంటికెవరొచ్చి నా గురించి అడిగినా షాపు గురించో కరెంటు గురించో చెబుతుంది. నాలుగేళ్లయింది మేడమ్, మా అమ్మ నోట్లోంచి నా గురించి ఒక వాక్యం పూర్తిగా విని.”

షాపు తెరిచే ఉందండీ. ఆ అరుగు మీద నేను విన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. మాటలు పాఠంగా చెప్పి బతికినదాన్ని, ఎదురుగా నిలబడి విని కూడా పట్టుకోలేకపోయాను.

“మీ రిపోర్టు చదువుతుంటే మా అమ్మ మాట్లాడినట్టే ఉంది మేడమ్,” అంది సత్య. “చెడ్డగా ఏం లేదు. కానీ అందులో నేను లేను.”

నాకు సిగ్గేసింది. ఏడుపొచ్చింది. ఆఫీసులో ఏడవకూడదని బాత్‌రూమ్‌లోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆమె గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టి ఉంచింది. అది చూసి ఇంకా సిగ్గేసింది.

“సత్యగారూ, తప్పు నాది. ఇంకో రిపోర్టు రాస్తాను. ఈసారి ఇంగ్లీషులో నేనే రాస్తాను. మీకు సమ్మతమేనా?”

“రాయండి మేడమ్. పంపే ముందు నాకు ఒక్కసారి చదివి వినిపించండి. మొదటిది నన్నడక్కుండానే పంపారు.”

నా ఇంగ్లీషు సంగతి నాకు తెలుసు. ‘ఎ’లూ ‘ది’లూ నా మాట వినవు. అయినా డిక్షనరీ పక్కన పెట్టుకుని మూడు రోజులు కూర్చున్నాను. మొదటి వాక్యంలోనే ‘షీ’ అని రాశాను. ఆమె ట్రాన్స్ మహిళ అనీ, పత్రాలు రెండూ ఆమే స్వయంగా ఇచ్చిందనీ, ఏదీ దాచలేదనీ, దాచింది నేనేననీ రాశాను. నాగమణి ఏం చెప్పిందో, ఎలా చెప్పిందో అలాగే రాసి, నోట్‌బుక్ పేజీ జిరాక్సు తీసి జతచేశాను. తప్పుడు ప్రాతినిధ్యం చేసిందెవరైనా ఉంటే అది నా మొదటి రిపోర్టే అన్నది చివరి వాక్యం. ఫోన్లో చదివి వినిపిస్తే సత్య ఒకే ఒక్క దిద్దుబాటు చెప్పింది. “మెకానిక్ అని రాశారు మేడమ్. వైండింగ్ మెకానిక్ అని రాయండి. మామూలు మెకానిక్కులు చాలామంది ఉంటారు.”

రెండో రిపోర్టు అందిన రోజే రాష్ట్ర కార్యదర్శి గారు ఫోన్ చేశారు. చెడ్డ మనిషి కాదాయన.

“మేడమ్, మీరు మొదటి రిపోర్టు ఎంత చక్కగా రాశారు! ఎవరికీ నొప్పి లేకుండా. ఇప్పుడిదేంటి?”

“ఆ చక్కదనమే కొంప ముంచింది సార్.”

“అది నేషనల్ పాలసీ. మనం మార్చగలమా? రిటైర్‌మెంటు దగ్గర్లో మీకెందుకీ తలనొప్పి? వెనక్కి తీసుకోండి, నేను చూడనట్టు ఉంటాను.”

“చూడండి సార్. చూడాలనే రాశాను. ఇన్‌వర్డ్ నంబరు వేయించండి.”

ఇన్‌వర్డ్ నంబరు అంటే ఆఫీసుకి వచ్చిన కాగితం మీద వేసే వరుస సంఖ్య. అది పడితే ఆ కాగితం ఉన్నట్టు, లేకపోతే పుట్టనట్టే. ఆయన ‘మీ ఇష్టం’ అని ఫోన్ పెట్టేశారు. తర్వాత వేయించారు. ఆ ఒక్క పనికి ఆయనకి నేను రుణపడి ఉన్నాను.

ఫిబ్రవరిలో పటమటలో ఒక స్కూల్లో జిల్లా లీడర్ల సమావేశం జరిగింది. రెన్యువల్ ఫారాలు అక్కడే నింపించి తీసుకోవాలి. ఫారంలో కొత్త గడి, జన్మ ధ్రువపత్రం ప్రకారం లింగం. సత్యకి ఫారం ఇవ్వడానికి వీల్లేదు. అయినా వచ్చింది, వెనక బెంచీలో కూర్చుంది. నేను బోర్డు దగ్గర నిలబడి సర్క్యులర్ చదువుతుంటే శేషగిరిరావు గారు లేచారు.

“అమ్మా, ఈ గడి నేను నింపను.”

“ఎందుకండీ?”

“నేను మగవాణ్ణని మైలవరంలో అందరికీ తెలుసు. ఢిల్లీ వాళ్లకి కాగితం పెట్టి నిరూపించుకోవాల్సిన అగత్యం నాకు లేదు. ఆ అమ్మాయిని అడిగింది నన్నూ అడుగుతున్నారు కాబట్టి, ఆ అమ్మాయికి లేని కార్డు నాకూ అక్కర్లేదు.”

ఆయన గడి ఖాళీగా వదిలి, సంతకం పెట్టి, ఫారం నా బల్ల మీద పెట్టారు. తర్వాత కంకిపాడు నుంచి వచ్చిన టీచరమ్మ ఒకావిడ తన ఫారం తెచ్చి పెట్టింది. ఆవిడదీ ఖాళీ గడే. ఆ తర్వాత ఒకరొకరుగా లేచారు. అందరూ కాదు. కొందరు నింపారు, నా ముఖం చూడకుండా ఇచ్చి వెళ్లారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్ల పిల్లలు జాతీయ క్యాంపుకి వెళ్లాలని ఏడాదంతా ఎదురుచూశారు.

గడి ఖాళీగా ఉన్న ఫారాలు తిప్పి ఇచ్చేయాలని రూలు. నేను వాటి మీద ‘ఫార్వర్డెడ్’ ముద్ర వేశాను. ముద్ర కొడుతుంటే వెనక బెంచీలో సత్య చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

ఢిల్లీ వాళ్లు రూలు మార్చారని రాయాలని నాకూ ఉంది. మార్చలేదు. ఖాళీ గడి ఫారాలన్నీ ఇప్పటికీ పెండింగే. మైలవరం పిల్లలు జాతీయ క్యాంపుకి వెళ్లలేదు. నాగమణి కూతురు రెండు రోజులు అన్నం తినలేదట. సత్య కార్డు రద్దు రద్దుగానే ఉంది. ఒక్కటే మారింది. నా రెండో రిపోర్టు తర్వాత వచ్చిన సవరణ ఉత్తరంలో ‘తప్పుడు ప్రాతినిధ్యం’ అన్న మాట తీసేసి ‘నిబంధనల ప్రకారం’ అని పెట్టారు. నేను చాలా చిన్నబుచ్చుకున్నాను. సత్య మాత్రం, “అబద్ధమాడానన్న మాట పోయింది కదా మేడమ్,” అంది. ఆదివారాలు ఆగలేదు. కార్డుల్లేకుండా, యూనిఫాంల్లేకుండా, మామూలు బట్టల్లో ఆ గ్రౌండులో శేషగిరిరావు గారూ సత్యా ముడులు నేర్పుతూనే ఉన్నారు.

నా డిప్యుటేషన్ రద్దయింది. బడులు తెరిచే రోజున పటమట స్కూల్లో చాక్‌పీసు పట్టుకున్నాను. ఇది శిక్ష అని ఎవరూ అనలేదు, నేనూ అనుకోలేదు.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం సాయంత్రం మైలవరం వెళ్లాను. రెండో రిపోర్టు కాపీ, ఇన్‌వర్డ్ నంబరు పడినది, సత్య చేతికి ఇవ్వాలని. బస్సు దిగి నడుస్తున్నంతసేపూ ఒక వాక్యాన్ని లోలోపల సరిచూసుకుంటూనే ఉన్నాను. ఇన్నేళ్లలో ఏ పాఠం చెప్పేముందూ అంత భయపడలేదు.

అరుగు మీద వాళ్లమ్మ కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టింది.

“రండి మేడమ్ గారూ.”

“అమ్మా, మీ అమ్మాయి ఉందా?”

ఆవిడ చేతులు ఒళ్లో ఆగిపోయాయి. షాపు వైపు చూసింది. షాపు తలుపులు వేసి ఉన్నాయి, కరెంటు కూడా ఉంది. మాట మార్చడానికి ఇంకేమీ లేదు. నేను తొందరపెట్టలేదు. తల తిప్పుకుని మెట్టు మీదున్న చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను.

ఏ మనిషి గురించి రాసినా, ముందు ఆ మనిషినే అడిగి, ఉన్న మాట ఉన్నట్టు రాయాలని నేను ముప్పై ఏళ్ల సర్వీసులో ఆ ఒక్క కేసులో నేర్చుకున్నాను. దాచి కాపాడాననుకోవడం మన తృప్తి కోసమే. ఇది ఏ ట్రైనింగులోనూ చెప్పరు. కానీ అదంతా తర్వాత ఆలోచించుకున్నది. అప్పుడు మాత్రం నేను ఆ తల్లి నోటి నుంచి రాబోయే క్రియాపదం కోసం, ఆవుకీ బస్సుకీ కూడా వాడతారని నేను ముప్పై ఏళ్లుగా తిట్టుకున్న ఆ చిన్న ముక్క కోసం, నిలబడి ఉన్నాను.

“ఉందండీ,” అందావిడ. గొంతు సవరించుకుని, ఈసారి ఇంకాస్త గట్టిగా, లోపలికి కూడా వినపడేలా అంది.

“ఉంది. లోపల తల దువ్వుకుంటోంది. కూర్చోండి, వస్తుంది.”